శెనక్కాయ పరీక్ష

ఆగడం నాకు చేతకాదు. బస్టాపులో నిలబడితే బస్సు వచ్చే దిక్కుకు నాలుగడుగులు నడిచి చూసొస్తాను. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా ఉండలేక మధ్యలో గరిటె పెట్టి కలుపుతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇది మంచి గుణమనే అందరూ అన్నారు. రిటైరైన రోజు శాలువా కప్పి, "మేడమ్ బల్ల మీద కాగితం ఒక్కరోజు కూడా నిద్రపోలేదు" అని మైకులో పొగిడారు. ఆ మాట వింటుంటే నాకు ఒక పాప గుర్తొచ్చింది. మెడలో దండ ఎప్పుడు తీసేద్దామా అనిపించింది. ఆ పాప సంగతే ఇప్పుడు చెబుతున్నాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న చిన్నవాళ్లు వింటే చాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుంతకల్లు హైస్కూల్లో లెక్కలు చెబుతుండేదాన్ని. అక్కడి నుంచి డెప్యుటేషన్ మీద అనంతపురం జిల్లా ఆఫీసుకు తెచ్చి, వినపడని, కనపడని, నడవలేని, పాఠం అంటని పిల్లల విభాగం నా నెత్తిన పెట్టారు. బుక్కరాయసముద్రంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఆ పిల్లల గురించి నాకు తెలిసింది సున్నా. ఆ మాటే మా ఆఫీసరుతో అన్నాను.

"తెలిసినోళ్లు ఎవరుండారు మేడమ్ ఈడ? మీకు కనీసం లెక్కలన్నా వస్తాయి" అన్నారాయన.

పని చెప్పడానికి చిన్నదే. బడిలో ఏ బిడ్డకైనా ఇబ్బంది ఉందని తోస్తే అక్కడి అయ్యవారు ఒక ఫారం నింపి మాకు పంపాలి. అందులో నాలుగు గళ్లు ఉంటాయి. చెవి, కన్ను, కాలుచేయి, బుద్ధి. ఏ గడిలో టిక్కు పడితే ఆ నిపుణుల దగ్గర బిడ్డకు పరీక్ష. వాళ్లు చూసి రాసిస్తేనే చెవి మిషన్ అయినా, కాలికి ఇనుప పట్టీల క్యాలిపర్ అయినా, విడిగా కూర్చోబెట్టి చెప్పే టీచరైనా. రాసివ్వకపోతే ఏమీ లేదు. చెవులు చూసేవాళ్లు బెంగళూరు నుంచి మిషన్ పెట్టె పట్టుకుని ఆరు నెలలకొకసారి వచ్చేవారు. బుద్ధి చూసే నిపుణులు మాత్రం నాలుగు జిల్లాలకు కలిపి ఒక్కరే. మా జిల్లా వంతు ఎప్పుడొస్తుందో ఆ ఒక్కరికీ తెలిసేది కాదు.

మొదటి రోజు బీరువా తలుపు తీస్తే ఫారాలు జారి నా పాదాల మీద పడ్డాయి. కొన్ని ఫారాల్లోని పిల్లలు అప్పటికే బడి వయసు దాటిపోయారు. కొందరి తల్లిదండ్రులు వానల్లేక ఇల్లు తాళం వేసి బెంగళూరులో గోడల పనికి వెళ్లిపోయారు. రెండు బీరువాలు, నాలుగు అరలు చొప్పున, నిండా ఎదురుచూసే పిల్లలే. ఆ మధ్యాహ్నం క్యారియర్ మూత కూడా తీయకుండా ఫారాలు మండలాలవారీగా నేల మీద పరిచాను.

ఇంకో చిక్కు పై ఆఫీసు నుంచి వచ్చింది. మేం పంపిన నివేదిక మూడుసార్లు వెనక్కి తిరిగొచ్చింది. కొందరు పిల్లలకు రెండేసి గళ్లలో టిక్కులు ఉండడంతో గళ్ల మొత్తం, పిల్లల మొత్తం కన్నా ఎక్కువ తేలుతోంది. ఒక బిడ్డ ఒకే గడిలో ఉండాలి, లేకపోతే ఏ నిపుణులనూ పంపం అన్నారు. లెక్కల టీచరుకు కూడిక తప్పిందని చెబితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

దసరా సెలవుల్లో ఆఫీసు తలుపులు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తోడుగా మా సూపరింటెండెంటు వచ్చారు. పెద్దాయన, నాలుగైదేళ్లలో రిటైరయ్యే మనిషి. నోట్లో ఏదో ఒకటి నములుతూ ఉండడం ఆయన అలవాటు. ఆయన ఫారం అందిస్తారు, నేను చూస్తాను. రెండు టిక్కులుంటే ఒకటి కొట్టేసి పక్కన నా పొట్టి సంతకం పెడతాను. ఏది కొట్టాలన్నదానికి నేనే ఒక పద్ధతి తయారుచేశాను. చెవి గడిలో టిక్కు ఉండి, డాక్టరు చీటీ జతచేయకపోతే చెవి కొట్టివేత. పల్లెల్లో చెవి డాక్టరు యాడ దొరుకుతాడని ఆయనా అడగలేదు, నేనూ అనుకోలేదు.

రెండో రోజు కుందుర్పి మండలం కట్ట విప్పాం. అందులో ఒక ఫారం ఉబ్బెత్తుగా ఉంది. ఒక్క అయ్యవారే నడిపే చిన్న బడి నుంచి వచ్చింది. ఆరేళ్ల పాప. చెవి గడిలో టిక్కు, బుద్ధి గడిలో టిక్కు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "పిలిస్తే పలకదు. అక్షరాలు పలకదు. బోర్డు మీద నేను గీసింది చూసి గీస్తుంది. లోపం చెవిలోనా, బుద్ధిలోనా నాకు నిర్ధారణగా తెలియదు. పెద్దలు చూడవలెను." వెనకవైపు గుండుసూదితో గుచ్చిన పేపరు పొట్లం. పొట్లంలో నాలుగు ఎండు శెనక్కాయలు.

మా వైపు కల్లంలో వేరుశెనగ కాయ ఎండిందో లేదో తెలుసుకోవాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. ఆ అయ్యవారు ఆ పద్ధతినే బడిలోకి తెచ్చారు. పొట్లం మీద ఇంకో చీటీ ఉంది: "పాప చూడకుండా వెనక నిలబడి కాయ ఊపితిని. కుడి చెవికి దగ్గరగా ఊపిన తల తిప్పినది. ఎడమ వైపు తిప్పలేదు. దూరంగా ఊపిన ఏ వైపూ తిప్పలేదు. బాగా ఎండిన కాయలు పంపుచున్నాను. తమరు కూడా పరీక్షించవచ్చును."

"ఏమప్పా ఈ సారు, శెనక్కాయలు పంపి బెల్లం మరిచిపోయినాడే" అన్నారు సూపరింటెండెంటు. కాయ ఒలిచి నోట్లో వేసుకున్నారు. ఇంకోటి నా చేతిలో పెట్టారు. నేనూ నవ్వాను, తిన్నాను. బాగా వేగినట్టు ఎండిన కాయ, రుచిగానే ఉంది. డాక్టరు చీటీ లేదు కాబట్టి చెవి టిక్కు మీద ఎర్ర గీత గీసి సంతకం పెట్టి, తర్వాతి ఫారం కోసం చేయి చాపాను. ఇదంతా నిమిషం పట్టలేదు.

సెలవులు అయ్యేసరికి మొత్తాలు సరిపోయాయి. నివేదిక ఈసారి వెనక్కి రాలేదు. ఆఫీసరు అందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించి, "మూడేండ్ల నుంచి ఎవరివల్లా కాని లెక్క మేడమ్ వారంలో కుదిర్చినారు" అన్నారు. వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, అసలు ఫారాలు కట్టలు కట్టి వెనక గదిలో వేయించాను. బీరువాలో ఒక అర ఖాళీ అయితే నాకు గాలి ఆడినట్టయింది. "శెనక్కాయ పరీక్ష" అన్నది మాత్రం ఆఫీసులో చాలాకాలం నవ్వులాటగా మిగిలింది. ఎవరైనా పిలిస్తే పలక్కపోతే చాలు, "శెనక్కాయ ఊపండప్పా" అనేవారు. ఆ కాయలు ఏ బడి నుంచి వచ్చాయో, ఏ బిడ్డ కోసమో మాత్రం నాతో సహా ఎవరికీ గుర్తులేదు.

ఆ తర్వాత చెవుల క్యాంపులు నాలుగు జరిగాయి. కళ్యాణదుర్గంలో జరిగిన రెండింటికి కుందుర్పి వైపు పిల్లలు కూడా వచ్చారు. ఈ పాప పేరు ఆ జాబితాలో లేదు. అయ్యవారి దగ్గర నుంచి కార్డులు వస్తూనే ఉన్నాయి. మా పాప పరీక్ష ఎప్పుడు అన్న ఒక్క వాక్యమే ప్రతిదాంట్లోనూ ఉండేది. బుద్ధి నిపుణుల కోసం వేచి ఉన్నది అని జవాబు రాయించేదాన్ని. అబద్ధం కాదు. నేను వారానికి రెండుసార్లు ఆ నిపుణుల ఆఫీసుకు ఫోన్ చేసి తగాదా పడుతూనే ఉన్నాను. నా గొంతు వింటే వాళ్లకు భయం పట్టుకుంది.

ఒక ఎండాకాలం అయ్యవారు స్వయంగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. చెప్పులు తలుపు బయట విడిచి లోపలికి వచ్చారు.

"చెవుల క్యాంపుకు మా పాపను పిలవలేదు మేడమ్" అన్నారు.

"మీ పాప చెవుల లిస్టులో లేదు సార్. బుద్ధి లిస్టులో ఉంది."

"నేను రెండింట్లోనూ టిక్కు పెట్టినాను గదా."

కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పాను. "చూడండి, ఒక్కటే ఉంది."

ఆయన తెరను చాలాసేపు చూశారు. "అట్లనా. అయితే నేనే మరిచిపోయినానేమో" అన్నారు నెమ్మదిగా. "ఇప్పుడు చేరిస్తే కాదా మేడమ్? పాపకు ఎనిమిది నడుస్తాండాది. మాట వచ్చే వయసు పోతాండాది."

"ఒక బిడ్డకు ఒకే గడి సార్, పైనుంచి వచ్చిన రూలు. మొదట బుద్ధి పరీక్ష కానివ్వండి. మీకే కాదు, నాకూ తొందరగానే ఉంది."

ఆయన చేతులు జోడించి వెళ్లిపోయారు. ఆ ఫారం ఉన్న గది నా కుర్చీకి ఇరవై అడుగుల దూరం. లేచి వెళ్లి కట్ట విప్పితే పది నిమిషాల పని. కూర్చోలేని మనిషినని పేరు తెచ్చుకున్న నేను ఆ ఒక్కసారి లేవలేదు. లెక్క కుదిరిన కట్టను మళ్లీ విప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ మరుసటి ఏడాదికి ఆ ఒక్క నిపుణురాలూ దొరికారు. కుందుర్పిలో క్యాంపు పెట్టాం. కోస్తా నుంచి వచ్చిన చిన్న వయసు ఆవిడ. ఆ ఏడు కూడా వానల్లేవు. పిలిచిన పిల్లల్లో సగం మంది వలస పోయినవాళ్లే. ఈ పాప తల్లి మాత్రం అయ్యవారు రాసిన ఉత్తరం అందుకుని, బెంగళూరులో పని వదిలేసి పాపను తీసుకుని వచ్చింది. మా ఆఫీసరు కూడా వచ్చారు. మండలంలో పెద్దమనుషులు కొందరు కుర్చీల్లో కూర్చున్నారు.

పాపను చూడడం నాకదే మొదటిసారి. రెండు జడలు, నూనె పెట్టి గట్టిగా అల్లినవి. నిపుణురాలు ముందు పెట్టిన చెక్క పలకలో ఆకారాలను, ఎలా అమర్చాలో చెప్పకముందే చకచకా సర్ది, ఇంకేముంది అన్నట్టు తలెత్తి చూసింది. ఇంకో పలక ఇస్తే అదీ అంతే. నిపుణురాలు లేచి పాప వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచారు. చప్పట్లు కొట్టారు. పాప పలకలోని ముక్కలతోనే ఆడుకుంటోంది.

"ఈ పాపను నా దగ్గరికి ఎందుకు పంపారండీ?" అన్నారావిడ నా వైపు తిరిగి. "బుద్ధికి ఏమీ కాలేదు. వినపడటం లేదు, అంతే. మూడేళ్లు ఏం చేశారు?"

తల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "మా అయ్యవారు మొదటి నుంచీ ఇదే చెప్తాండాడు మేడమ్" అంది.

పెద్దమనుషుల ముందు ఆఫీసరు మొహం నల్లబడింది. తలుపు దగ్గర నిలబడిన అయ్యవారి మీద విరుచుకుపడ్డారు. "ఏమప్పా, చెవుడుంటే బుద్ధి గడిలో టిక్కు పెడతావా? బిడ్డ బతుకుతో ఆటలా నీకు? మేడమ్, ఈయనకు మెమో ఇయ్యండి."

నాకూ అయ్యవారి మీద ఒళ్లు మండింది. ఈ ఒక్క మనిషి టిక్కు వల్ల ఆ పాపకు మూడేళ్లు పోయాయి, నా ఫోన్లన్నీ దండగయ్యాయి అనుకున్నాను. తిరుగు దారిలో జీపులోనే మెమో వాక్యాలు మనసులో కూర్చుకున్నాను. మంచి పదునుగా కుదిరాయి. మర్నాడు పదిన్నరకల్లా టైపు చేయించి, సంతకం పెట్టించి, పోస్టు చేయించాను.

ఆ తర్వాత, ఫైలుకు జత చేయాలని, అసలు ఫారం తెమ్మని అటెండరుకు చెప్పాను.

కట్ట దులిపి ఆ కాగితం నా ముందు పెట్టాడు. రెండు టిక్కులు ఉన్నాయి. ఒకదాని మీద ఎర్ర గీత, పక్కన నా పొట్టి సంతకం. వెనక గుండుసూది తుప్పు మరక, పేపరు ముక్క, దానికి అంటుకుని శెనగ్గింజ మీది ఎర్ర పొట్టు.

నాకు మొదట భయం వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది. ఆ వరస నాకు ఇంకా గుర్తుంది. ఫారం మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాను. తర్వాతి నాలుగు రోజులు పిచ్చిపట్టినట్టు పనిచేశాను. ఎవరూ అడగని జాబితాలు తయారుచేశాను, ఎప్పుడో ఆగిపోయిన ఉత్తరాలకు జవాబులు రాశాను, కుర్చీలో ఐదు నిమిషాలు కూడా నిలవలేకపోయాను. ఆ సొరుగు తాళం మాత్రం తీయలేదు.

ఐదో రోజు మెమోకు అయ్యవారి సంజాయిషీ వచ్చింది. ఒకే కాగితం, అవే ముత్యాల అక్షరాలు. "పొరపాటు నాదే అయి ఉండును. తమరు ఏ చర్య తీసుకున్ననూ నాకు అభ్యంతరం లేదు. పాపను చెవుల నిపుణులకు ఎన్నడు చూపుదురో ఆ తేదీ మాత్రం తెలుపవలెనని ప్రార్థన. తల్లి పని మానుకుని ఊరిలోనే ఉన్నది."

దాన్ని రెండోసారి చదవలేకపోయాను. సొరుగు తీసి, ఆ ఫారమూ ఈ కాగితమూ పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లాను. ఆయన ఎర్ర గీత చూశారు, నన్ను చూశారు, లేచి తలుపు దగ్గరికి వేశారు.

"ఆయన ఒప్పుకున్నాడు గదా మేడమ్. ఫైలు మూసేయండి. పాపకు మిషన్ ఇప్పిద్దాం, అయిపాయె. దీన్ని బయట పెడితే ఇది ఒక్కటితో పోతుందా? ఆ పండగ సెలవుల్లో కొట్టేసినవన్నీ తీయాల్సొస్తాది."

"తీద్దాం సార్."

"లెక్క మళ్లీ తప్పుతాది. రిపోర్టు వెనక్కొస్తాది."

"రానీండి సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బయటికి వచ్చేసరికి సూపరింటెండెంటు వెనక గదిలో నుంచి కట్టలు మోసుకొచ్చి నా బల్ల మీద వేస్తున్నారు. మా మాటలు విన్నట్టున్నారు. నోట్లో ఏమీ నమలడం లేదు. "ఆ కాయలు తిన్నోన్ని నేనే గదమ్మా" అని మాత్రం అన్నారు. ఇద్దరం కూర్చుని ప్రతి ఎర్ర గీతా వెతికి, దాని పక్కన తిరిగి టిక్కు పెట్టాం. నేను కొట్టేసిన చెవులు ఒకటి రెండు కాదు. ఆ పిల్లల్లో కొందరు ఊర్లోనే దొరికారు, కొందరు ఏ ఊరు పోయారో చివరిదాకా తెలియలేదు. వాళ్ల ఫారాలు నేను రిటైరయ్యేదాకా నా బీరువాలోనే ఉన్నాయి.

అయ్యవారి మెమో రద్దయింది. నాకొకటి వచ్చింది. ఇప్పుడు మీకు గళ్లు కాగితం మీద కాకుండా ఫోన్లో ఉన్నాయని, ఎన్ని టిక్కులైనా పెట్టుకోవచ్చని విన్నాను. సంతోషమే. అయినా ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని మొత్తాలు సరిచూస్తూనే ఉంటారు. ఆ మనిషి మీరే అయితే, ఫారం వెనక్కి తిప్పి చూడండి.

అప్పటికి చెవులవాళ్లు మళ్లీ రావడానికి నాలుగు నెలలుంది. ఈసారి నా తొందర పనికొచ్చింది. సెలవు పెట్టి పాపను, తల్లిని, అయ్యవారిని వెంటబెట్టుకుని బెంగళూరుకే వెళ్లాను. అక్కడి నిపుణుడు గంటసేపు పరీక్షించి, కుడి చెవిలో కొంత వినికిడి మిగిలి ఉందన్నాడు. మిషన్ పెడితే చప్పుళ్లు తెలుస్తాయట. మాటల సంగతి అడిగాను. తల్లి వినకుండా నన్ను పక్కకు పిలిచి, తన కన్నడం కలిసిన తెలుగులో, "ఆరేండ్లకే తెచ్చింటే చాలా మాటలు వస్తుండె మేడమ్. ఈగ స్వల్ప లేటాయితు" అన్నాడు. ఇప్పుడు కాస్త ఆలస్యమైందని. ఆ స్వల్పం అన్న మాట ఆయన మర్యాదకు వాడాడని నాకు అర్థమైంది.

మిషన్ చేతికొచ్చి, పాప దానికి అలవాటు పడ్డాక ఒకసారి వాళ్ల బడికి వెళ్లాను. అయ్యవారు జేబులోంచి ఎండిన శెనక్కాయ తీశారు. పాప వెనక పది అడుగుల దూరంలో నిలబడి ఊపారు. పాప తల తిప్పింది. పిల్లలందరూ కేక పెట్టారు. పాప పరుగెత్తుకొచ్చి ఆయన చేతిలో కాయ లాక్కుని, తన చెవి దగ్గర పెట్టుకుని తనే ఊపుకుంది. ఆపుతుంది, నవ్వుతుంది, మళ్లీ ఊపుతుంది. అయ్యవారు కళ్లజోడు తీసి తుండుతో తుడుచుకున్నారు. నేను వసారాలోకి వచ్చేశాను.

తల్లి అక్కడ మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఒక మాట అడుగుతా మేడమ్" అంది. "మూడేండ్ల ముందరే ఈ మిషన్ పెట్టింటే, నన్ను అమ్మా అని పిలుస్తా ఉండెనా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బస్సుకు వేళైంది కూడా.

"పిలిచేది" అన్నాను. "చెవి గడిలో టిక్కు మీ సారు పెట్టారమ్మా. దాన్ని కొట్టేసింది నేను."

ఆమె నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎందుకు కొట్టేసినావు?"

"లెక్క కుదరలేదని."

"కొట్టేస్తే కుదిరిందా?"

"కుదిరిందమ్మా."

ఆమె తల ఊపి లేచింది. ఇంటికి పోదాం రమ్మని పాపను పిలవడానికి అటు తిరిగింది. నోరు తెరవలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ పిల్లల మధ్యలో నుంచి పాప దగ్గరిదాకా నడిచి వెళ్లి, భుజం తట్టింది.